ఇత్తడి పలక మీది కొలత

ఫిబ్రవరి 4

ల్యాబుకు కొత్త పెట్టె వచ్చింది. అగ్గిపెట్టెకు కాస్త పెద్దది. దానికో పొడుగాటి వైరు, వైరు చివర బిళ్ల లాంటి యాంటెన్నా. పైన తిరిగే ఉపగ్రహాల సంకేతాలు పట్టుకుని సెకనుకొకసారి ఠంచనుగా ఒక పల్సు ఇస్తుందట. ఆ సెకనులో కోటో వంతు కూడా తేడా రాదని ఎలక్ట్రానిక్స్ అమ్మాయి చేతులు తిప్పుతూ చెప్పింది. అమ్మాయి అంటే అమ్మాయేం కాదు, రెండేళ్లుగా మా డిపార్టుమెంటులో లెక్చరరు. ప్రిన్సిపాల్ ఎదుట నన్ను మేడమ్ అంటుంది, తలుపు మూయగానే అక్కా అంటుంది.

ఇకనుంచి లోలకం ప్రయోగం దీనితోనే చేయిద్దామంది. ఆ ల్యాబుకు ఇన్‌చార్జిని నేను కాబట్టి నా సంతకం కావాలి, పెట్టాను. మనసులో మాత్రం ఇంత హంగామా దేనికనిపించింది. తీగకు వేలాడే ఒక ఇత్తడి గుండు ఎంతసేపు ఊగిందో తెలుసుకోవడానికి ఆకాశం దాకా వెళ్లాలా? పదకొండేళ్లుగా నా పిల్లలు మామూలు స్టాప్‌వాచీతోనే భూమ్యాకర్షణ విలువ 9.8 తెస్తున్నారు.

ఫిబ్రవరి 7

యాంటెన్నాకు ఆకాశం కనబడాలట. కిటికీలో పెడితే ఎదురు భవనం అడ్డం. నిచ్చెనను పిలిచాను. మా ల్యాబు అటెండరును అసలు పేరుతో పిలిస్తే ఆయనే పలకడు. ఎప్పుడు చూసినా భుజాన నిచ్చెన ఉంటుంది కాబట్టి కాలేజీ మొత్తానికి ఆయన నిచ్చెనే. సణుక్కుంటూ సన్‌షేడ్ మీదికెక్కి బిళ్లను అంటించి దిగాడు. పది నిమిషాలు ఏమీ లేదు. పిల్లలు నవ్వడం మొదలుపెట్టారు. అంతలో పెట్టె మీద ఎర్ర దీపం వెలిగి ఆరింది, వెలిగి ఆరింది. నాలుగు ఉపగ్రహాలు దొరికితే చాలట, మాకు ఏడు దొరికాయి.

గుండు వెళ్లి వచ్చిన ప్రతిసారీ ఒక కాంతి గేటు దాన్ని చూస్తుంది. ఎంతసేపు పట్టిందో ఆకాశపు సెకన్లతో పోల్చి కంప్యూటరు రాసుకుంటుంది. పిల్లలు బటను నొక్కేది లేదు, చేత్తో రాసేదీ లేదు. ఇంటికొచ్చి చెప్తే మా ఆయన, అయితే ఇక నీకు అరవాల్సిన పని తగ్గిందన్నమాట అన్నారు.

ఫిబ్రవరి 9

ఆరు జట్లు, ఇరవైనలుగురు పిల్లలు. అందరికీ 9.92.

తొమ్మిది పాయింట్ ఎనిమిది కాదు, తొమ్మిది పాయింట్ తొమ్మిది రెండు. భూమి మా కాలేజీ దగ్గరికి వచ్చేసరికి కాస్త గట్టిగా లాగుతోందా? నూరు డోలనాలకు రెండువందల సెకన్లు దాటాలి. ప్రతి జట్టుకూ నూట తొంభై ఎనిమిది పాయింట్ తొమ్మిది. ఎడాపెడా తిట్టాను. ఏం తప్పు చేశారని తిట్టానో నాకే తెలియదు, వాళ్లు చేసింది గుండును వదలడం ఒక్కటే. పొడవు సైతం వాళ్లు కొలవలేదు. అది కొలవాల్సిన పని లేదు. లోలకం వెనక గోడ మీద ఇత్తడి పలక ఉంది: పొడవు 99.4 సెం.మీ. పెద్దమాస్టారు స్వయంగా కొలిచి చెక్కించిన పలక. నాకు ఫిజిక్సు నేర్పిందీ, పోతూపోతూ ఈ ల్యాబు నా చేతిలో పెట్టిందీ ఆయనే.

పెట్టె చెడిపోయి ఉంటుంది.

ఫిబ్రవరి 10

మబ్బు పట్టింది. మబ్బుకు కూడా 9.92.

ఫిబ్రవరి 11

ఎండ కాసింది. 9.92.

యాంటెన్నా వైరు మరీ పొడుగని కాసేపు అనుకున్నాను. వైరు పొడవైతే పల్సులన్నీ ఒకేలా ఆలస్యంగా వస్తాయి కానీ రెండు పల్సుల మధ్య ఎడం మారదు కదా అక్కా అని ఎలక్ట్రానిక్స్ అమ్మాయి మెల్లగా అంది. ఆ మాట నాకు తెలియదా? తెలుసు. పక్క కాలేజీ నుంచి ఇంకో పెట్టె తెప్పించి రెండూ పోల్చింది. రెండూ కవల పిల్లల్లా ఒకేసారి వెలిగి ఆరుతున్నాయి.

ఫిబ్రవరి 13

ప్రిన్సిపాల్ పిలిచారు. ఆ స్కేలు గొడవ మళ్లీ మొదలైంది.

పోయినేడాది చివరి సంవత్సరంలో ఒక పిల్ల ఉండేది. సంచిలో ఎప్పుడూ స్టీలు స్కేలు పెట్టుకుని తిరిగేది. బెంచీ కొలిచేది, కిటికీ కొలిచేది, పక్కపిల్ల జడ కొలిచేది. అందుకే స్కేలు అని పిలిచేవారు. ప్రాక్టికల్ పరీక్షలో ఆమెకు ఈ లోలకమే వచ్చింది. పలక మీద 99.4 అని కళ్లెదుట ఉంటే, 98.2 అని రాసింది. ఇరవై డోలనాలకు అందరికీ నలభై సెకన్లు వస్తే ఆమెకు 39.8. చివర జవాబు మాత్రం 9.79. పొడవు తప్పు, కాలం తప్పు, జవాబు రైటు. అది వండిన వంట కాక మరేమిటి? ఎర్ర సిరాతో ‘కల్పిత రీడింగులు’ అని రాసి సున్నా చుట్టాను. ఆ పిల్ల ఒక్క మాట మాట్లాడలేదు. తప్పు చేయని మనిషైతే మాట్లాడదా?

దానివల్ల డిగ్రీ ఆగిపోయింది. తూనికలు కొలతల ఆఫీసులో ట్రైనీగా వచ్చిన ఉద్యోగం జారిపోయింది. ఈసారి మళ్లీ పిలిచారట, ఈ నెలాఖరులోగా సర్టిఫికెట్ చూపించాలట. ఆ ఎర్ర సిరా వ్యాఖ్య ఉన్నంతకాలం సర్టిఫికెట్ రాదు. అది తీసేయమని అర్జీ పెట్టుకుంది. రాసింది నేను కాబట్టి తీయాల్సిందీ నేనే. ఇరవై అయిదో తేదీలోగా అభిప్రాయం రాసివ్వమన్నారు ప్రిన్సిపాల్. నా అభిప్రాయం మారదని చెప్పి వచ్చేశాను. అర్జీ చదవను కూడా లేదు.

ఫిబ్రవరి 14

నూరుకు 198.9 అంటే ఇరవైకి 39.78. కాకతాళీయం.

ఫిబ్రవరి 16

ఇవాళ పెట్టెను పక్కన పడేసి పాత స్టాప్‌వాచీలే ఇచ్చాను. ఇరవై డోలనాలు. పక్కన నిలబడి చూశాను. ఒకడికి 39.8, ఒకమ్మాయికి 39.7, ఇంకొకడికి 39.9. రికార్డులో మాత్రం ముగ్గురూ నలభై రాస్తున్నారు. ఒకడి చెయ్యి పట్టుకుని ఆపి, ఇదేమిట్రా అన్నాను.

వాడు రికార్డు మూసేశాడు. చివరికి పక్కనున్న అమ్మాయి చెప్పింది. పలక మీది పొడవుకు 9.8 రావాలంటే ఎంత కాలం కావాలో ముందే లెక్క కట్టి పెట్టుకుంటారట. సీనియర్లు చెప్పారట, వాళ్లకు వాళ్ల సీనియర్లు. ఎవరెవరు ఇలా చేస్తారని అడిగాను. అందరూ నేల వైపే చూశారు.

అంటే పదకొండేళ్ల 9.8 మొత్తం వంటే. దానికి మార్కులు వేసి, వెరీగుడ్ అని రాసి, సంతకం పెట్టింది ఎవరు?

అయినా పిల్లలు దొంగలైనంత మాత్రాన 9.92 ఎందుకొస్తోందో తేలలేదు కదా.

ఫిబ్రవరి 17

గుండును మరీ దూరం లాగి వదులుతున్నారేమో. అలా చేస్తే కాలం పెరగాలి, మాకు తగ్గింది. వేడికి తీగ సాగిందేమో. సాగినా కాలం పెరగాలే కానీ తగ్గదు. ఏ కారణం వెతికినా ఎదురు దిక్కుకే పోతోంది. తీగ సాగుతుంది గానీ కుదించుకుపోదు. తగ్గాలంటే తీగ పొట్టిదై ఉండాలి, అది జరిగే పని కాదు.

పొడవు ఎప్పుడు కొలిచారక్కా అని ఎలక్ట్రానిక్స్ అమ్మాయి అడిగింది. పెద్దమాస్టారి పలక కనబడడం లేదా అని కసిరాను.

ఆ తీగ పెద్దమాస్టారు కట్టింది కాదు. నేను చేరిన ఏడాది తనిఖీకి రెండు రోజుల ముందు తీగ తెగితే నేనే కొత్తది కట్టాను, పలక మీది పొడవుకు సరిగ్గా సరిపోయేలా. సరిగ్గానే కట్టాను.

ఫిబ్రవరి 18

రేపు ఒకసారి కొలిచి పారేస్తే సరి.

ఫిబ్రవరి 19

డిపార్టుమెంటు మీటింగు. కుదరలేదు.

ఫిబ్రవరి 20

టేపు కనబడలేదు. (బీరువాలో రెండు ఉన్నాయి.)

మా ఆయనకు కళ్లద్దాల దుకాణం. అన్నం తింటూ ఇవాళొచ్చిన గిరాకీ గురించి చెప్పారు. డ్రైవింగు లైసెన్సుకు కళ్లు బాగున్నాయని కాగితం కావాలి, గోడ మీది అక్షరాలన్నీ బట్టీ పట్టి వచ్చాడట. ఈయన బోర్డు తిప్పేసినా పాత వరసే అప్పజెప్పాడట. మా ఆయన పగలబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఏమైంది, పది రోజుల్నుంచి తేలుకుట్టిన దొంగలా తిరుగుతున్నావు అన్నారు. ఏమీ కాలేదన్నాను.

ఫిబ్రవరి 21

మొదటి సంవత్సరం వాళ్లకు లోలకం పాఠం. ఏటా చెప్పే పాఠమే. బోర్డు మీద తీగ గీశాను, గుండు గీశాను. పొడవంటే కొక్కెం నుంచి గుండు కేంద్రం దాకా, అడుగుదాకా కాదు అన్నాను. ఏటా వేసే జోకూ వేశాను: అడుగుదాకా కొలిచినవాళ్లకు గుండు గీయిస్తాను. ఏటా నవ్వినట్టే నవ్వారు.

వాళ్లు నవ్వుతుంటే చాక్‌పీసు నా చేతిలోనే ఉండిపోయింది. తీగ కట్టిన రోజు నేను నిచ్చెన మీద ఉన్నాను. టేపు ఈ కొస నా చేతిలో, కొక్కెం దగ్గర. ఆ కొస కింద అటెండరు చేతిలో. తొంభై తొమ్మిదీ నాలుగు వచ్చిందమ్మా అని ఆయన అంటే, సరే బిగించేయ్ అన్నాను. ఎక్కడిదాకా చూశావు అని అడగలేదు.

క్లాసు పావుగంట ముందే వదిలేశాను. కొక్కెం నుంచి గుండు అడుగుకు 99.4. గుండు వ్యాసం 2.4, అందులో సగం 1.2. కేంద్రం దాకా 98.2.

మూడుసార్లు కొలిచాను. కాగితం మీద లెక్క వేశాను. 98.2, ఉపగ్రహం చెప్పిన కాలం. 9.80 వచ్చింది. పదకొండేళ్లలో ఈ లోలకానికి వండకుండా వచ్చిన 9.8 ఇది రెండోది. మొదటిదానికి నేను సున్నా చుట్టాను.

ఆ పిల్ల ఒక్క మాట మాట్లాడలేదని పదమూడో తేదీన రాశాను. అబద్ధం. కొలిచాను మేడమ్ అంది.

ఫిబ్రవరి 22

నిచ్చెనను అడిగాను, ఆ రోజు టేపు ఎక్కడిదాకా పట్టావని. గుండు కిందిదాకా అన్నాడు, అంతకంటే ఎక్కడ పడతారు అన్నట్టుగా. నాకెవరైనా చెప్పారామ్మా అన్నాడు. నిజమే, ఎవరు చెప్పారు?

సిబ్బంది పొరపాటు వల్ల అని మొదలుపెట్టి ఒక కాగితం రాశాను. చదువుకుంటే నాకే ఛీ అనిపించింది. చించేశాను.

ఇంకో సంగతి. ఆ పిల్ల కొలిచాను మేడమ్ అని ఊరుకోలేదు. ఒక్కసారి మీరొచ్చి కొలవండి మేడమ్ అంది. టైము లేదన్నాను. టైము ఉంది. నాలుగడుగుల దూరం.

ఫిబ్రవరి 23

ప్రిన్సిపాల్‌కు ఎలా చెప్పాలో దారి పొడుగునా వల్లించుకుంటూ వెళ్లాను. నేను నోరు తెరిచేలోపు ఆయనే ఆ అర్జీ నా చేతిలో పెట్టారు. పది రోజుల తర్వాత మొదటిసారి చదివాను. గీత గీసినట్టు తిన్నగా ఉంది రాత. “పరీక్షలో నేను కొలవకుండా రీడింగులు కల్పించి రాసినట్టు ఒప్పుకుంటున్నాను. నా తప్పును మన్నించి, నాపై ఉన్న వ్యాఖ్యను తొలగించవలసిందిగా మేడమ్ గారిని వేడుకుంటున్నాను.”

రెండోసారి చదివాను. మూడోసారి కూడా.

“ఆ అమ్మాయే ఒప్పేసుకుంది కదా మేడమ్,” అన్నారు ప్రిన్సిపాల్. “పెద్దమనసు చేసుకుని మన్నించానని ఒక్క ముక్క రాయండి. ఆమె ఉద్యోగం ఆమెకు, మన పరువు మనకు.”

పెన్ను కూడా ఆయనదే. ‘మన్నించడమైనది’ అని రాసి సంతకం చేశాను.

ఫిబ్రవరి 24

ఆ పిల్లకు మేలే కదా జరిగింది. సర్టిఫికెట్ వస్తుంది, ఉద్యోగం వస్తుంది. తీగను ఎలాగూ పలకకు సరిపోయేలా సరిచేయిస్తాను. ఎవరికీ నష్టం లేదు. ఆ పిల్లకు మేలే కదా.

అయితే మన్నించిందెవరు? ఎవరిని? తప్పు చేసినదాన్ని నేను, మన్నించినదాన్నీ నేనే. మధ్యలో ఆ పిల్ల ఏమైనట్టు?

అయినా ఆమెకు మేలే కదా.

మా ఆయనకు మొత్తం చెప్పేశాను. ఆయన జోకు వేయలేదు. ఈ మనిషి జోకు వేయకపోతే నాకు భయం.

“ఆ పిల్ల చేయనిది చేశానని రాసిచ్చింది,” అన్నారు. “దాని కింద నువ్వు సంతకం పెట్టొచ్చావు.”

ఫిబ్రవరి 25

తొమ్మిదింటికే వెళ్లాను. కాగితం ఇంకా ఆఫీసులోనే ఉంది. వెనక్కి తీసుకుని వేరేది ఇచ్చాను. అయిదు వాక్యాలు. తీగ నేను తప్పుగా కట్టాను. పదకొండేళ్లు కొలవలేదు. ఆ విద్యార్థిని రీడింగులు నిజమైనవి. ఉపగ్రహ సమయంతో సరిచూశాను. నా వ్యాఖ్య, ఆమె ఒప్పుకోలు రెండూ రద్దు చేయమని కోరుతున్నాను.

ప్రిన్సిపాల్ తల పట్టుకున్నారు. పదకొండేళ్ల రికార్డుల సంగతేమిటి, బయట తెలిస్తే ఏమంటారు, మీ మీద విచారణ వేయాల్సి వస్తుందని తెలుసా అన్నారు. తెలుసన్నాను. నిజానికి ఏమవుతుందో నాకేమీ తెలియదు. ఈ ల్యాబు నా దగ్గర ఉంటుందో ఉండదో. పెద్దమాస్టారు గుర్తొచ్చి ఏడుపొచ్చింది. మెట్ల దగ్గర ఎలక్ట్రానిక్స్ అమ్మాయి చూసి చెయ్యి పట్టుకుంది.

సాయంత్రానికి ప్రిన్సిపాల్ మెత్తబడ్డారు. సర్టిఫికెట్ ఇచ్చేస్తామన్నారు. ఫైల్లో ఉంచడానికి మాత్రం ఆ అమ్మాయి చేత తన ఎదుట ఇంకోసారి రీడింగు తీయించమన్నారు.

ఫిబ్రవరి 27

వచ్చింది. కాస్త చిక్కింది. సర్టిఫికెట్ పొద్దున్నే ఆమె చేతిలో పెట్టేశారు, సోమవారం ఉద్యోగంలో చేరాలి. ఇవాళ్టి రీడింగు మీద ఆమెది ఏదీ ఆధారపడి లేదు. ఆ మాట కూడా ముందే చెప్పాను.

ప్రిన్సిపాల్ ఎదుట, ఎలక్ట్రానిక్స్ అమ్మాయి ఎదుట చెప్పాను, తప్పు నాదే, నువ్వు రాసింది రైటు అని. క్షమించమని అడిగాను. రాత్రంతా తయారుచేసుకున్న మాటలు సగమే గుర్తొచ్చాయి. పర్లేదు మేడమ్ అంది. కోపమైనా పడుతుందనుకున్నాను, కనీసం ఏడుస్తుందనుకున్నాను. పర్లేదు మేడమ్ అని ఊరుకుంది. మరి చేయనిది చేశానని ఎందుకు రాసిచ్చావని అడిగాను.

“ఇంట్లో అందరూ రాయమన్నారు మేడమ్. నాలుగుసార్లు చిత్తు రాశాను. నాలుగోసారికి నిజంగా నేనే వండానేమో అనిపించింది.”

స్కేలు తెచ్చావా అని అడిగాను. లేదంది. ల్యాబులోదే ఇచ్చాను.

తీగ ఇంకా మార్చలేదు, అలాగే ఉంచాను. ముందు గుండును వదిలింది. పెట్టె తన పని తాను చేసింది, నూరు డోలనాలు, 198.9. తర్వాత గుండును ఆపి, కొక్కెం దగ్గర స్కేలు ఆనించి కిందికి వంగింది. గుండు మధ్యకు కన్ను సమంగా పెట్టి చూసింది, నేను నా పిల్లలెవరికీ నేర్పలేకపోయినంత పద్ధతిగా. రాసుకోవడానికి నేను పెన్ను పట్టుకుని నిలబడ్డాను. ఇప్పుడు 98.2 అంటుంది, నేను రాస్తాను, ఇక నాకు కాస్త ఊపిరాడుతుంది అనుకున్నాను.

లేచి నిలబడింది. అంకె చెప్పలేదు. స్కేలు వైపు చూడలేదు, పలక వైపూ చూడలేదు. నా ముఖం వైపు చూసింది.

“ఎంత రావాలి మేడమ్?” అంది.